తలుపు సందులోంచి చూసిన పుట్టినరోజు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ పాపకి వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, నలుగురు వస్తే మాత్రం మీ కాళ్ల వెనక దాక్కుంటుంది. పోయిన పుట్టినరోజంతా ఏడుపే. ఈ స్వభావం ఇలాగే ఉండిపోతుందా, లేక ఇప్పటినుంచే మార్చాలా అని.

మావాడికి ఇంకో పది రోజుల్లో నాలుగేళ్లు నిండుతాయి. అందుకే మీ ప్రశ్న చూసి ఊరికే దాటిపోలేకపోయాను. నేను డాక్టర్ని కాదు, సైకాలజీ చదువుకున్నవాణ్ణీ కాదు. వాడి నాన్నని, అంతే. వాడి పుట్టినరోజుల్లో నేను చేసిన తప్పులు, ఆ తప్పులు ఎందుకు చేశానో అర్థం చేసుకుందామని తర్వాత చదివిన నాలుగు ముక్కలు, నా దగ్గర ఉన్నవి ఇవే.

మొదటి పుట్టినరోజు గురించి చెప్పడానికేం లేదు. నిద్రపోయాడు.

రెండో పుట్టినరోజుకి నలభై మంది వచ్చారు. అంతమందిని పిలవాలని మేం అనుకోలేదు. వీళ్లని పిలిచి వాళ్లని పిలవకపోతే ఏమనుకుంటారో అని లెక్కేసుకుంటూ పోతే నలభై తేలింది. అందులో వాడికి బాగా తెలిసిన మొహాలు ఆరో ఏడో. సాయంత్రం ఎవరో పిల్లాడు బెలూన్ మీద కూర్చున్నాడు, అది ఢామ్మని పేలింది. అందరూ నవ్వారు. చూస్తే మావాడు లేడు. టేబుల్ కింద, గోడకి అతుక్కుపోయి, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఏడవడం లేదు. ఏడవట్లేదు కదా, ఏం కాలేదులే అనుకుని చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. ఎత్తుకుని ఫోటోలకి నిలబడ్డాను.

వాడు నా చొక్కా పై బొత్తం పట్టుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు రావడం, బుగ్గ గిల్లడం, ముద్దు పెట్టమనడం, "ఏదీ, ఒక్కసారి నవ్వు" అనడం. వాడు గడ్డం లోపలికి లాక్కుని ఆ బొత్తాన్నే చూస్తున్నాడు. పదో ఫోటోకో పదిహేనో ఫోటోకో దారం తెగి అది వాడి చేతిలోకి ఊడొచ్చింది. అప్పుడు మొదలుపెట్టాడు ఏడుపు. ఇక ఎవరి తరమూ కాలేదు. రాత్రి నిద్రపోయాక చూస్తే గుప్పిట్లో బొత్తం ఇంకా అలాగే ఉంది. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి తీయాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం చాలా మాటలు పడ్డాయి. ముంగి అన్నారు, పిరికి అన్నారు. మగపిల్లాడు ఇలా అయితే రేపు ఎలా అన్నారు. మా మేనత్త అయితే "మొక్కై వంగనిది మానై వంగుతుందా, ఇప్పుడే నలుగురిలోకి తొయ్యాలి" అంది. పది నిమిషాలు తిరక్కుండానే ఆవిడే, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదురా, నువ్వూ చిన్నప్పుడు ఇంతేగా" అంది. ఒక సామెత ఇంకో సామెతని కొట్టేస్తోందని అప్పుడు నాకు తట్టలేదు. రెండూ నిజమే అన్నట్టు తలాడించాను.

నాకు గుచ్చుకున్నది మాత్రం రెండోది. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా గోడ పక్కన కుర్చీ వెతుక్కునే మనిషిని నేను. ఈ ఒక్క విషయంలో కొడుకు నాలా ఉండకూడదని, వాడు పుట్టకముందే ఎక్కడో మనసులో రాసి పెట్టుకున్నానేమో. టేబుల్ కింద నుంచి నేను లాగింది వాణ్ణి కాదేమో, చిన్నప్పటి నన్నేనేమో అని చాలా రోజులు అనిపించింది.

తర్వాతి వారం టెన్షన్ ఆపుకోలేక పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ అడిగిన ప్రశ్నలు మీకూ పనికొస్తాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? తనకి నచ్చింది వేలు చూపించి మీకూ చూపిస్తాడా? రెండు మాటలు కలిపి మాట్లాడుతున్నాడా? వచ్చిన మాటలు ఏమైనా పోయాయా? చెవులు బాగా వినిపిస్తున్నాయా? మీ ముగ్గురే ఉన్నప్పుడు ఎలా ఉంటాడు? ముగ్గురమే ఉన్నప్పుడు నోరు మూయడు అని మా ఆవిడ చెప్పింది. డాక్టర్ నవ్వి, వాడికి కొంచెం టైమ్ ఇవ్వండి అంది. మీ పాప ఇంట్లో గలగలా మాట్లాడుతుందంటున్నారు కాబట్టి నాకైతే మావాడి బాపతే అనిపిస్తోంది. కానీ పై ప్రశ్నల్లో దేనికైనా జవాబు మీకు తేడాగా వస్తే నా సోది పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించండి. బిడియం వేరు, ఎదుగుదలలో తేడా వేరు.

ఇంటికొచ్చాక రాత్రుళ్లు చదవడం మొదలుపెట్టాను. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అని అమెరికాలో ఇద్దరు సైకియాట్రిస్టులు, భార్యాభర్తలు. పిల్లాడిలో ఏ చిన్న తేడా కనిపించినా తల్లి పెంపకం మీదికి నెట్టేసే రోజుల్లో, 1956లో, న్యూయార్క్‌లో వాళ్లొక పరిశీలన మొదలుపెట్టారు. నెలల పిల్లలప్పటి నుంచి పెద్దవాళ్లయ్యేదాకా అదే పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. పిల్లాడు ఎంత కదులుతాడు, ఆకలీ నిద్రా వేళకి వస్తాయా, కొత్తది చూస్తే ముందుకి వెళ్తాడా వెనక్కి తగ్గుతాడా, మార్పుకి ఎంత త్వరగా అలవాటుపడతాడు, ఎంత చప్పుడుకి ఉలిక్కిపడతాడు, సంతోషమైనా కోపమైనా ఎంత గట్టిగా చూపిస్తాడు, ఇలా మొత్తం 9 లక్షణాలు చూశారు. సుమారు 40 శాతం మంది తేలిగ్గా ఇమిడిపోయేవాళ్లు. 10 శాతం మంది పెద్దవాళ్లకి చుక్కలు చూపించేవాళ్లు. 15 శాతం మంది నెమ్మదిగా కలిసేవాళ్లు, అంటే ముందు వెనక్కి తగ్గి, తొందరపెట్టకపోతే వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చేవాళ్లు. మిగతా 35 శాతం ఏ గుంపులోనూ పూర్తిగా పట్టనివాళ్లు.

ఆ 15 శాతం గురించి చదువుతుంటే మావాణ్ణి చూసి రాసినట్టే ఉంది. అయితే నన్ను పట్టుకున్నది ఆ అంకె కాదు. పిల్లాడి స్వభావం మంచిదా చెడ్డదా అన్నదాని కంటే, ఆ స్వభావానికీ చుట్టూ ఉన్నవాళ్లు వాడి నుంచి ఆశించేదానికీ జత కుదిరిందా లేదా అన్నది ముఖ్యం అంటారు వాళ్లు. మా ఇంట్లో జత కుదరలేదు. కుదరకపోతే కాలిని కోసి చెప్పులో పెట్టాలని చూశాను నేను.

ఇక ఉండిపోతుందా అన్న మీ ప్రశ్న. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే సైకాలజిస్టు నాలుగు నెలల పసిపిల్లలకి కొత్త బొమ్మలు, కొత్త గొంతులు, కొత్త వాసనలు చూపించి గమనించాడు. సుమారు ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ గట్టిగా కొట్టుకుంటూ ఏడ్చారు. ఆ పిల్లలు రెండేళ్లకి కొత్త మనుషుల దగ్గర మిగతావాళ్ల కంటే ఎక్కువ జంకారు. అంటే పుట్టుకతో వచ్చేది ఏదో ఉందన్న మాట నిజమే. కానీ పెద్దయ్యే కొద్దీ వాళ్లందరూ బెరుకుగానే మిగిలిపోలేదు. అలాగని చాలామంది ఎవరితోపడితే వాళ్లతో కలిసిపోయేవాళ్లుగానూ మారలేదు. మా అత్త చెప్పిన రెండు సామెతలూ సగం సగం నిజం. ఆవిడకి ఈ మాట ఇంకా చెప్పలేదు, చెప్పినా ఒప్పుకోదు.

మూడో పుట్టినరోజుకి పన్నెండు మందే. బెలూన్లు లేవు. అయినా మొదటి కాలింగ్ బెల్ మోగగానే మావాడు పడగ్గది తలుపు వెనక్కి వెళ్లిపోయాడు. నేను లేవబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండనివ్వు. వాడి పుట్టినరోజే కదా, వాడికి నచ్చినచోట ఉంటాడు" అంది. తలుపుకీ గుమ్మానికీ మధ్య, బందుల దగ్గర వేలెడు సందు ఉంటుంది. గంటన్నర సేపు ఆ సందులో ఒక కన్ను కనిపిస్తూనే ఉంది. దగ్గరికి వెళ్లి పలకరిస్తే కన్ను మాయమయ్యేది, నేను వెనక్కి వచ్చేస్తే మళ్లీ వచ్చేది. నేనైతే ప్రతి ఐదు నిమిషాలకీ అటే చూశాను. ఆ రోజు నేను మాట్లాడింది ఎవరితో, ఏంటి అని అడిగితే చెప్పలేను.

ఈలోగా హాల్లో ఒక గొడవ. బహుమతిగా వచ్చిన బొమ్మ క్రేన్ చెయ్యి విరిగింది. దగ్గర్లో ఉన్నది మా అన్నయ్య కొడుకు, వాడికి ఎనిమిదేళ్లు. వదిన అందరి ముందూ వాణ్ణి తిట్టేసింది. వాడు నేను కాదు, నేను కాదు అంటూ ఏడుపు మొహంతో ఓ మూల కూర్చుండిపోయాడు. పిల్లల మధ్య ఇవి మామూలే కదా, పది నిమిషాల్లో అందరం మర్చిపోయాం.

అందరూ బయల్దేరుతున్నారనగా మావాడు తలుపు వెనక నుంచి బయటికొచ్చాడు. ఎవరినీ చూడకుండా తిన్నగా గుమ్మం దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చుని, కలగాపులగంగా పడున్న చెప్పులన్నీ జతలు చేశాడు. ఊరికే జతలు చేసి ఊరుకోలేదు. ఒక్కొక్క జతా తీసుకెళ్లి దాని మనిషి ముందు పెట్టాడు. ఒక్కటి కూడా తప్పలేదు. వచ్చేటప్పుడు ఎవరు ఏవి విప్పారో అంతా ఆ సందులోంచి చూశాడన్నమాట.

రాత్రి పక్క మీద చీకట్లో అన్నాడు: "పెద్దన్న క్రేన్ విరగ్గొట్టలేదు. కుర్చీ మీంచి అదే పడింది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదరా?"

వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. "అందరూ ఉన్నారుగా" అన్నాడు.

ఆ జవాబు చాలాకాలం నాకూ అర్థం కాలేదు. బిడియం వల్ల చెప్పలేకపోయాడనుకున్నాను. తర్వాత తెలిసింది. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లలకి ఒక కథ చెప్పి ప్రశ్న అడిగారు. ఒక పిల్లాడు చాక్లెట్ ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్లాడు, వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మార్చింది. తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకి తెలిసింది కథలో పిల్లాడికీ తెలుసనే వాళ్ల లెక్క. నాలుగేళ్లు దాటుతున్నకొద్దీ, పాపం వాడికి తెలీదుగా అనడం మొదలవుతుంది. మావాడి దృష్టిలో హాల్లో ఉన్న అందరూ చూశారు, అందరికీ తెలుసు. ఇక చెప్పేదేముంది?

ఈ ఏడాది నేను వాణ్ణి తొయ్యడం మానేశాను. మానేశాను అని రాసినంత తేలిక కాదు. పార్కులో జారుడుబల్ల ఎక్కించడానికి తీసుకెళ్తే బెంచీ దిగలేదు. రేపు, రేపు అనేవాడు. ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను, పదకొండు సాయంత్రాలు. నాలుగో రోజుకే నాకు ఒళ్లు మండిపోయింది, పక్క పిల్లలు వాడికంటే చిన్నవాళ్లు సర్రున జారుతుంటే. పన్నెండో రోజు నా చెయ్యి వదిలి తిన్నగా వెళ్లి ఎక్కాడు. పైన కూర్చుని నాకు పాఠం చెప్పాడు: "తడిగా ఉంటే దిగకూడదు. ఎర్ర చొక్కా అక్క లేచిందాకా ఆగాలి. కాళ్లు ఇలా పెడితే ఆగిపోతుంది, ఇలా పెడితే పోతుంది." చెప్పి జారాడు. ఆ పదకొండు రోజులూ వాడేం చేస్తున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

ఇంట్లో వాడు వేరే మనిషి. కుర్చీకి కాలు తగిలితే కుర్చీకి సారీ చెప్తాడు. చొక్కా బొత్తాలు "నేనే, నేనే" అంటూ పెట్టుకుంటాడు, ఒక్కటి తప్పితే అన్నీ విప్పి మళ్లీ మొదలుపెడతాడు, బయల్దేరే తొందరలో మనం చెయ్యి వేశామా, అయిపోయింది ఆ పూట. మొండిఘటం. నేను ముభావంగా ఉంటే దగ్గరికొచ్చి "నాన్నా, నీకు కోపం వచ్చిందా, నిద్ర వచ్చిందా?" అని అడుగుతాడు. పెద్దవాళ్లెవరూ నన్ను అంత సరిగ్గా అడగలేదు. చాలాసార్లు నిద్రే.

ఇంకోటి ఉంది. రోజూ పడుకునే ముందు బొమ్మలన్నిటినీ గోడ వైపు తిప్పి పెడతాడు. కొన్నాళ్లు అదేదో ఆట అనుకున్నాను. ఒకరోజు అడిగితే, "అవి నన్ను చూస్తుంటే నిద్ర రాదు" అన్నాడు. వాడికి మనుషులంటే భయం అని మూడేళ్లు నేననుకున్నది తప్పేమో అని ఆ రాత్రి అనిపించింది. మనుషుల్ని చూడటం వాడికి ఎంతిష్టమో ఆ తలుపు సందుకి తెలుసు. అందరూ కలిసి తననే చూడటం వాడికి కష్టం. పుట్టినరోజంటే సరిగ్గా అదే కదా. ఇంటినిండా జనం, అందరి కళ్లూ ఒక్కడి మీద.

అందుకని మీ పాప పుట్టినరోజుకి నేను చెప్పగలిగింది ఇంతే. తక్కువమందిని పిలవండి. పాపకి బాగా అలవాటున్న ఒక్క పిల్లనో పిల్లాణ్ణో మిగతావాళ్ల కంటే గంట ముందు రమ్మనండి, ఇల్లు నిండేసరికి ఆటలో ఉంటుంది. ఎవరెవరు వస్తారో ముందురోజే ఫోటోల్లో చూపించి చెప్పండి. వాళ్లొచ్చాక మాత్రం "అంకుల్‌కి హాయ్ చెప్పు" అని వెంటపడకండి. ముఖ్యంగా, పాప వినేలా "మా పాపకి సిగ్గండీ" అని ఎవరికీ సంజాయిషీ చెప్పకండి. నేను రెండేళ్లు అదే పని చేశాను, వాడు ఒకరోజు లిఫ్ట్‌లో ఎవరో పేరు అడిగితే "నాకు సిగ్గు" అని జవాబిచ్చాడు, పేరు చెప్పినంత మామూలుగా. నోట మాట రాలేదు నాకు. ఇప్పుడు "వాడు కాసేపు చూసి వస్తాడు" అంటున్నాను. నిజం కూడా అదే.

పోయిన పుట్టినరోజు ఏడుపు గురించి మరీ మథనపడకండి. పెద్దవాళ్లలో చాలామందికి గుర్తున్న మొట్టమొదటి సంగతి మూడు, మూడున్నరేళ్ల వయసు నాటిది. రెండేళ్లప్పుడు జరిగింది పాపకి గుర్తుండే అవకాశం తక్కువ. గుర్తుండేది మనకే. ఆ బొత్తం ఇప్పటికీ నా పర్సులో ఉంది, చొక్కాకి కుట్టించలేదు.

మొన్న ఆదివారం మంచం కింద ఊడుస్తుంటే చెయ్యి విరిగిన క్రేన్ బయటపడింది. మావాడు దాన్ని పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. చూసి, "పెద్దన్నకి తెలుసా?" అన్నాడు.

"ఏం తెలుసా?"

"వాడు విరగ్గొట్టలేదని నేను చూశానని. నేను తలుపు వెనక ఉన్నా కదా, వాడికి కనిపించలేదు. వాడికి తెలీదు."

ఏడాది కిందట అందరికీ తెలుసులే అనుకున్నవాడు. నాకేం అనాలో తోచక, పుట్టినరోజుకి వస్తాడుగా, అప్పుడు చెప్దువుగానిలే అన్నాను. పెద్దమ్మకి కూడా చెప్పాలి, తిట్టింది కదా అన్నాడు. సరే, ఇద్దరికీ చెప్పు అన్నాను. అన్నయ్యకి ఫోన్ చేసి అందరికంటే గంట ముందే రమ్మని చెప్పాను కూడా. ఎందుకో చెప్పలేదు.

అప్పటినుంచీ రోజూ ప్రాక్టీస్ నడుస్తోంది. క్రేన్‌ని కుర్చీ మీద పెట్టడం, కింద పడెయ్యడం, "అదే పడింది, నేను చూశా" అనడం. నిన్న సాయంత్రం నేను సోఫాలో కూర్చుని మురిసిపోతూ చూస్తుంటే సగంలో ఆపేశాడు. దగ్గరికొచ్చి, రెండు చేతులతో నా మొహం పట్టుకుని, మెల్లగా గోడ వైపు తిప్పి పెట్టాడు.